ఈ ఏడు మనం ఎలా ఓడతామంటే

వేసవంతా తమ బేస్‌బాల్ జట్టు ఎలా ఓడిపోబోతోందో పోర్ట్ హాలిస్ ఊరికి ముందే తెలియాలి. తెలియకపోతే ఊరికి నిద్ర పట్టదు. అందుకని ప్రతి ఏడూ తొలి మ్యాచ్‌కి ముందు వచ్చే శుక్రవారం సెయింట్ కాసిమిర్ చర్చి హాలు కిటకిటలాడిపోతుంది. ఈస్టర్‌కి ముందు వచ్చే లెంట్ ఉపవాసాల రోజులు కాబట్టి మాంసం ముట్టరు. ఆ లోటు తెలియకుండా సరస్సు చేపల వేపుడు పళ్ళేలకు పళ్ళేలు లాగిస్తూ, బీరు చప్పరిస్తూ, ఎమెట్ హుబర్ ఎప్పుడు లేచి జోస్యం చదువుతాడా అని ఎదురుచూస్తారు.

ఎమెట్ ఊరి పేపర్లో ఆటల గురించి వెటకారం రాసే మనిషి. తల నెరిసిపోయింది గానీ నోటి దురుసు తగ్గలేదు. ఏప్రిల్ మొదలు సెప్టెంబర్ దాకా ఊరి జట్టు టగ్స్ ఏ నెలలో ఏ రకంగా పరువు తీసుకుంటుందో వరసగా రాస్తాడు. అది ఆదివారం పేపర్లో పడుతుంది. కానీ శుక్రవారం హాల్లో వినకుండా ఆదివారం పేపర్లో చదివేవాణ్ని ఊళ్ళో మనిషి కింద జమకట్టరు.

ఇందులో ఒక మెలిక ఉంది. ఎమెట్ ఎవరి గురించి ఏం రాసినా సరిగ్గా తిరగబడుతుంది. ఒకసారి కొత్తగా వచ్చిన బ్యాటర్‌ను ఆకాశానికెత్తాడు. ఆ మహానుభావుడు తొలివారంలోనే సొంత ఇంటి మెట్ల మీద జారి మడమ విరగ్గొట్టుకున్నాడు. ఇంకోసారి ఒక కుర్రాణ్ని జూన్ దాకా ఉంటే గొప్పే అని తీసిపారేశాడు. వాడు ఆ ఏడు దేశంలోని మేటి ఆటగాళ్ళ సరసన నిలబడ్డాడు. అప్పట్నుంచీ ఊరికి ఒకటే నమ్మకం. ఎమెట్ తిడితే దీవెన, పొగిడితే దిష్టి. మరి జట్టు ఓడుతుందని ఏటా రాస్తున్నాడు కదా, గెలవాలి కదా అని బయటివాళ్ళెవరైనా అడిగితే, రాయకపోతే ఇంకెంత ఘోరంగా ఓడేవాళ్ళమో ఎవరికి తెలుసు అంటారు. నమ్మకం దగ్గర లెక్కలు అడక్కూడదు. ఆటగాళ్ళ తల్లులూ అత్తగార్లూ పండ్ల పైలు, కేకులు పట్టుకొచ్చి మావాణ్ని కాస్త గట్టిగా తిట్టమని బతిమాలుకునేవారు. ఎమెట్ కేకులు తినేవాడు గానీ నమ్మకాన్ని నమ్మేవాడు కాదు.

ఈ శుక్రవారం హాలు మామూలుగా లేదు. బల్లల మీద ఫోన్లన్నీ వెల్లకిలా పెట్టి ఉన్నాయి. అందరి బుర్రల్లోనూ ఒకే మనిషి, టాడ్ గ్రబోవ్‌స్కీ. ఈ చర్చిలోనే పూజలో ఫాదర్ పక్కన కొవ్వొత్తి పట్టుకున్న పిల్లవాడు, ఈ వీధుల్లోనే కిటికీ అద్దాలు పగలగొట్టిన పిల్లవాడు, ఎదిగి టగ్స్‌కి బంతి విసిరే పిచర్ అయ్యాడు. ఎడమచేతి వాటం. పదకొండేళ్ళుగా జట్టులో ఉన్నాడు. ఇప్పుడు భుజం ఒకసారి కోసి కుట్టించుకున్న భుజం, వయసు నలభైకి దగ్గర. జట్టులో పిచర్లకు ఒక్క చోటే మిగిలింది. దానికి పోటీ టెక్సాస్ నుంచి వచ్చిన ఒక పాలబుగ్గల వాడు. వాడు విసిరిన బంతి కనిపించదు, చప్పుడే వినిపిస్తుంది. చోటు ఎవరిదో ఈ సాయంత్రం ప్రకటిస్తారు. టాడ్‌ది కాకపోతే అతని ఆట అక్కడితో సరి. ఆ వయసు వాణ్ని ఇంకో ఊరు పిలవదు.

టాడ్ తల్లి బెర్నిస్ ఎప్పట్లాగే వంటింట్లో నూనె మూకుళ్ళ ముందుంది. ఆ హాలుకు చేపలు వేయించడం మొదలుపెట్టినప్పుడు ఆమె జుట్టు నల్లగా ఉండేది. ఏటా జోస్యంలో కొడుకును ఎమెట్ చీల్చి చెండాడుతుంటే వడ్డన కిటికీలోంచి తల బయటపెట్టి అందరికంటే గట్టిగా నవ్వేది ఆమే. టాడ్ విసిరిన బంతి బ్యాటర్ దగ్గరికి చేరేలోపు బ్యాటర్ పెళ్ళి చేసుకుని విడాకులు తీసుకున్నాడని ఎమెట్ రాసిన ఏడు, నవ్వీ నవ్వీ చేపలు మాడబెట్టింది. ఎమెట్ పళ్ళెంలో ఎప్పుడూ ఒక ముక్క ఎక్కువే వేసేది. అది స్నేహం కొద్దీ అనుకునేవాడు ఎమెట్. ఆ నవ్వు వెనక బాధ దాచుకుంటోందని కూడా అనుకునేవాడు. మనుషుల్ని చదవగలనని అతనికో భ్రమ.

ఈ ఏడు మాత్రం అతని మనసు కరిగింది. ఫిబ్రవరిలో నడుం పట్టేసి మంచం మీదుండగా, బయట పార చప్పుడైతే కిటికీలోంచి చూశాడు. టాడ్ వాకిట్లో మంచు ఎత్తిపోస్తున్నాడు. కుట్లు పడిన ఆ భుజంతోనే. పని అయ్యాక తలుపు కూడా తట్టకుండా వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళు తిట్టినందుకు ఇదా నాకు దక్కింది అనుకున్నాడు ఎమెట్. ఆ పూటే నిర్ణయించుకున్నాడు, ఈసారి వాడి గురించి మంచి మాట రాయాలని. భార్య మార్లిస్‌కి కూడా చెప్పలేదు.

పళ్ళెం తీసుకోవడానికి కిటికీ దగ్గరికి వెళితే బెర్నిస్ అతని మొహం చూడలేదు. ఎప్పుడూ తెరిచుండే వంటింటి తలుపు వేసి ఉంది.

"ఏమైనా తెలిసిందా బెర్నిస్?" అన్నాడు.

"చేప చల్లారితే బాగోదు. పోయి తిను," అందామె.

పాపం, కంగారులో ఉంది అనుకున్నాడు ఎమెట్. ఇంకాసేపట్లో ఆమె మొహం వెలిగిపోతుందని తలుచుకుంటే కడుపు నిండినంత పనైంది.

ఫాదర్ కెల్లెహర్ గ్లాసు మీద చెంచాతో టంగుమనిపించాడు. ఎమెట్ కాగితాలు తీసి, కళ్ళజోడు సర్దుకుని లేచాడు.

"ఏప్రిల్," అని మొదలుపెట్టాడు. "సోమవారం తొలి మ్యాచ్. ఆనవాయితీ ప్రకారం మంచు కురుస్తుంది. ఆ మంచు కింద రెండో బేసు ఎక్కడుందో వెతకడానికి మనవాళ్ళని పంపుతారు. ఒకడు వెతికి పట్టుకుంటాడు. ఈ నెల మొత్తానికి మన జట్టులో రెండో బేసు దాకా వెళ్ళిన మగాడు వాడొక్కడే."

హాలు నవ్వింది. ప్లంబర్ గస్ లిండెమన్ బల్ల మీద అరచేత్తో కొట్టాడు. గస్ నవ్వితే అది బాగున్నట్టు లెక్క.

"మే. మేనేజర్ విలేఖరుల్ని పిలిచి కుర్రాళ్ళు గాడిలో పడుతున్నారంటాడు. ఏ గాడిలోనో చెప్పడు. జూన్. స్టేడియంలో అందరికీ తల ఊపే బొమ్మలు ఉచితం. బొమ్మ మన మేటి ఆటగాడిది. ఆ పొద్దున్నే వాణ్ని వేరే జట్టుకు ఇచ్చేస్తారు. సాయంత్రం ఊరు ఊరంతా పరాయివాడి బొమ్మ చంకన పెట్టుకుని ఇంటికి పోతుంది."

"పోయినసారిది మా ఇంట్లో ఇంకా ఊపుతూనే ఉంది," అన్నారెవరో వెనకనుంచి.

"జూలై. సరస్సు మీదనుంచి కొంగలొచ్చి మైదానంలో వాలతాయి. మనవాళ్ళు వదిలేసిన బంతి ఒకటి కొంగ పట్టుకుంటుంది. మేనేజ్‌మెంట్ దాంతో మూడేళ్ళ ఒప్పందం కోసం మాట్లాడుతుంది. కొంగ ఒప్పుకోదు. ఆగస్టు. వచ్చే ఏడాది చూద్దాం అనే మాట ఊళ్ళో మొదలవుతుంది. ఈసారి వారం ఆలస్యంగా మొదలైందని పెద్దలు సంతోషిస్తారు."

నవ్వులు సద్దుమణిగాయి. అందరూ కుర్చీల్లో ముందుకు జరిగారు. టాడ్ ఊసు ఇంకా రాలేదు, ఇప్పుడే వస్తుంది. ఇవాళ పడాల్సిన తిట్టు అలాంటిలాంటిది కాదు, టెక్సాస్ వాడి భుజాన్ని కూడా తల్లకిందులు చేసేంత గట్టి తిట్టు. గస్ భార్య వేళ్ళు ముడివేసి కూర్చుంది.

ఎమెట్ గొంతు సవరించుకున్నాడు.

"సెప్టెంబర్. ఆఖరి ఆదివారం. మనం ఒక్క పరుగు ముందున్నాం, ఎలా ఉన్నామో నన్నడక్కండి. ఆఖరి ఇన్నింగ్స్. మూడు బేసుల మీదా వాళ్ళ మనుషులే, మనం ఇంకొక్కణ్ని అవుట్ చేస్తే చాలు. మేనేజర్ ఫోనెత్తి, ఎడమచేతివాణ్ని పంపు అంటాడు. మైదానం అంచున కంచె తలుపు తెరుచుకుని టాడ్ గ్రబోవ్‌స్కీ వస్తాడు. పరిగెత్తడు. పాలు కొనడానికి పోతున్నట్టు నడుస్తాడు. బంతి విసిరే దిబ్బ ఎక్కి టోపీ సర్దుకుంటాడు. మొదటి బంతి కిందికి. బ్యాటర్ గాలిని కొడతాడు. రెండోది బ్యాటర్ ఒంటికి దగ్గరగా, లోపలికి. మళ్ళీ గాలే. మూడోది అలవాటు ప్రకారం నెమ్మదిగా. ఎంత నెమ్మదిగా అంటే, ఇన్నేళ్ళుగా ఆ బంతి కోసం ఎదురుచూసిన ఊరందరికీ లేచి నిలబడే తీరిక ఉంటుంది. లేచి నిలబడతాం. బ్యాటర్ మూడోసారీ గాలినే కొడతాడు, బంతి గ్లవ్‌లో పడుతుంది. ఈ ఏడు మనం గెలుస్తాం. గెలిపించేది మనవాడు."

చదివి, చప్పట్ల కోసం తలెత్తాడు.

ఒక్క చప్పట వినిపించలేదు. నోటి దాకా వెళ్ళిన ఫోర్కులు అక్కడే ఆగాయి. ఫాదర్ కెల్లెహర్ చెయ్యి తనకు తెలియకుండానే నుదుటి మీదికి వెళ్ళి సిలువ గుర్తు మొదలుపెట్టి మధ్యలో ఆగింది. గస్ బీరు గ్లాసు ఒంపినవాడు ఒంపినట్టే ఉండిపోతే బీరు గడ్డం మీదనుంచి చొక్కాలోకి కారుతోంది. వంటింట్లో ఏదో పెద్ద పళ్ళెం నేలమీద పడి, గిరగిరా తిరిగి ఆగింది.

"ఎమెట్," అంది మార్లిస్ సన్నగా. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ గొంతు అతనెప్పుడూ వినలేదు. "ఏం చేశావయ్యా నువ్వు?"

"మంచి మాట రాశాను."

"అదే అడుగుతున్నా. ఎందుకు రాశావు?"

"ఇన్నేళ్ళూ తిట్టాను కదా, ఒక్కసారైనా..."

"తిట్టబట్టే వాడు పదకొండేళ్ళు నిలిచాడు," అని గస్ లేచాడు. గడ్డం తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు. "వాడి భుజం కోసిన ఏడు నువ్వేం రాశావో గుర్తుందా? ఇక చర్చి లాటరీ చీట్లు కూడా తీయలేడని రాశావు. రెండు నెలల్లో తిరిగొచ్చాడు. ఆ తల్లి నీకు ఏటా ముక్క ఎక్కువెందుకు వేస్తోందనుకున్నావు, నీ అందం చూసా?"

ఎమెట్ తన పళ్ళెం వైపు తిరిగాడు. ఎక్కువ ముక్క. అది స్నేహం కాదా? చుట్టూ చూశాడు. తనకు ఏబీసీడీలు చెప్పిన టీచరమ్మ, తన పళ్ళు పీకిన డాక్టరు, అందరూ అతన్ని పసిపిల్ల గొంతు నొక్కినవాణ్ని చూసినట్టు చూస్తున్నారు. వీళ్ళందరూ ఆ దిష్టి సంగతి ఇంత నిజంగా నమ్ముతున్నారని అతనికి ఆ క్షణం దాకా తెలియదు. అంతకంటే ఘోరం, తనూ నమ్మడం మొదలుపెట్టాడు.

"ఆదివారం దాకా పేపర్లో పడదు కదా," అన్నాడు ఫాదర్ మెల్లగా. "ఇంకా ప్రకటించనూ లేదు. కొట్టేసెయ్యి నాయనా. వెనక్కి తీసుకో."

"ఊరికే కొట్టేస్తే సరిపోదు," అన్నాడు గస్. "తిట్టాలి. ఇప్పుడే. గట్టిగా."

ఎమెట్ నోరు తెరిచాడు. ముప్పై ఏళ్ళుగా నోట్లోంచి ఊడిపడిన వెటకారం ఒక్కటీ అందలేదు. కళ్ళ ముందు మంచు ఎత్తిపోస్తున్న పార తప్ప ఏదీ కనిపించడం లేదు. "టాడ్ బంతి ఎంత నెమ్మదంటే," అన్నాడు, "బ్యాటర్ పేపరు చదివి..."

"పాతది," అన్నారు నలుగురైదుగురు.

"వాడు పిచ్చుకలకి కూడా..."

"అదీ పాతదే."

"ఉండు, నేను చెప్తా," అని గస్ భార్య లేచింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి. "వాడి బంతి మీద స్టాంపు అంటించి పోస్టులో వేస్తే ముందు చేరుతుంది."

దాంతో గేటు తెరిచినట్టయింది. మూలనుంచి ఒకాయన, ఆ బంతికి దుమ్ము పట్టాక గానీ బ్యాటర్ చేతికి అందదన్నాడు. టీచరమ్మ లేచి, వాడు నా క్లాసులో లెక్కలు చేసిన వేగంతోనే బంతి వేస్తాడు, ఒక లెక్కకి ఒక ఏడాది పట్టేది అంది. డాక్టరు, వాడికన్నా వాడి తల్లి గరిటె గట్టిగా విసురుతుందన్నాడు. ఫాదర్ కెల్లెహర్ కూడా ఉండబట్టలేక, దేవుడు నన్ను క్షమించుగాక, వాడు బంతి వదిలాక నేను ఒక బాప్తిజం పూర్తి చేసుకుని వచ్చాను అన్నాడు. ఇటునుంచి ఒకరు, అటునుంచి ఒకరు, పసివాడికి నలుగురూ దిష్టి తీసినట్టు టాడ్‌ను తిట్టారు. కళ్ళు తుడుచుకుంటూ తిట్టారు. ఆ ఊరు ఒక మనిషిని అంత ప్రేమగా తిట్టగలదని ఎమెట్‌కు తెలియదు. తనకు వచ్చిందనుకున్న విద్య ఊరందరికీ వచ్చే ఉంది.

"చాలు. ఇక ఆపండి."

బెర్నిస్ వంటింటి తలుపు దగ్గర నిలబడి ఉంది. చేతిలో జల్లిగరిటె, దాని నుంచి నూనె చుక్కలు నేలమీద పడుతున్నాయి. నేల మీద నూనె పడితే ఎవరినైనా చీల్చేసే మనిషి, చూసుకోవడం లేదు.

"అయిపోయింది," అంది. "మధ్యాహ్నమే పిలిచి చెప్పారంట. పేపరోళ్ళకి సాయంత్రం చెప్తారంట. ఆ టెక్సాసబ్బాయిని ఉంచుకున్నారు."

 గస్ కుర్చీ కోసం వెనక తడుముకున్నాడు గానీ దొరకలేదు.

"నేను చదివింది ఇప్పుడే కదా," అన్నాడు ఎమెట్. 

"నీవల్ల కాదులే ఎమెట్. నువ్వు చదివేటప్పటికే తీసేశారు. నువ్వు తిట్టినా పొగిడినా ఇంక వాడికి తగిలేదేం లేదు."

"మరి ఇంతసేపూ చెప్పవేం బెర్నిస్?" అంది మార్లిస్.

"ఏం చెప్పను? మీరందరూ నవ్వుకోడానికొచ్చారు. ఈ ఒక్కపూటా నవ్వుకోనిద్దాం, ఆనక తెలుస్తుంది కదా అనుకున్నా. వాడే అన్నాడు, చెప్పొద్దమ్మా అని." ఆమె తలుపు కొంచెం తెరిచి లోపలికి చూసింది. "రా. ఇంకెందుకు దాక్కోడం."

టాడ్ తల్లి ఏప్రను కట్టుకుని, కుడిచేతిలో బంగాళాదుంప, ఎడమచేతిలో చిన్న కత్తితో బయటికొచ్చాడు. మధ్యాహ్నంనుంచీ లోపల తొక్కలు తీస్తూ కూర్చున్నట్టున్నాడు.

హాలు మొత్తం చచ్చిపోయినంత పనైంది. స్టాంపు మాట, దుమ్ము మాట, బాప్తిజం మాట, అన్నీ ఆ తలుపు అవతల అతను విన్నాడు. గస్ భార్య రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుంది. టీచరమ్మ మొహం పాలిపోయింది. సిగ్గూ బాధా ఎటుపోవాలో తెలియక ఒకరినొకరు చూసుకున్నారు.

"లెక్కలు నిజమే టీచర్," అన్నాడు టాడ్. "ఒకటి ఇంకా పూర్తవలేదు."

ఎవరికీ నవ్వు రాలేదు. అతను ఊరందర్నీ ఒకసారి చూసి, మళ్ళీ చేతిలోని దుంప వైపు చూసుకున్నాడు. ఎమెట్ చేతిలో కాగితం మడవబోయాడు. 

బెర్నిస్ జల్లిగరిటె పక్కన బల్లమీద పెట్టి, చేతులు తుడుచుకుని, ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది. అన్నేళ్ళలో ఆ హాల్లో ఆమె కూర్చోగా ఎవరూ చూడలేదు.

"ఆఖరిది మళ్ళీ చదువు," అంది.

"బెర్నిస్..."

"చదువు ఎమెట్. ఇన్నేళ్ళు వాడి గురించి ఒక్క మంచి మాట చెవిన పడితే ఒట్టు. పడకూడదనే నేనూ మొక్కుకున్నా, తిట్టినప్పుడల్లా కావాలని నవ్వా. ఇప్పుడు దిష్టి తగలడానికేం మిగల్లేదు కదా. ఒకసారి సరిగ్గా విననీ."

ఎమెట్ చదివాడు. సెప్టెంబర్. ఆఖరి ఆదివారం. కంచె తలుపు. పాలు కొనడానికి పోతున్నట్టు నడక. ఇందాక అతను పేపరు కోసం చదివాడు, ఇప్పుడు ఎదురుగా కూర్చున్న ఆమె కోసం చదివాడు. మూడో బంతి దగ్గరికొచ్చి, లేచి నిలబడతాం అనగానే కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడైంది. గస్ లేచాడు. అతని భార్య లేచింది. ఫాదర్, డాక్టరు, టీచరమ్మ, ఒకరి తర్వాత ఒకరు ఊరంతా లేచింది. బెర్నిస్ ఒక్కతే కూర్చుని ఉంది, ఒళ్ళో చేతులు పెట్టుకుని.

ఎమెట్ ముగించాడు. 

"రెండో బంతి," అన్నాడు టాడ్.

"ఏంటి?"

"లోపలికి అని రాశావు. మూడు బేసులూ నిండి ఉంటే నేను లోపలికి వెయ్యను. భుజం కుట్టించుకున్నాక ఆ బంతి సరిగ్గా తిరగట్లేదు. కొట్టి పారేస్తాడు. వాడికి దూరంగా, బయటికేస్తా."

ఎమెట్ జేబులోంచి పెన్ను తీశాడు. కళ్ళకు ఏదో అడ్డం పడుతోంది, మాట ఎక్కడుందో వెతుక్కోవాల్సొచ్చింది. ఒంటికి దగ్గరగా, లోపలికి అన్నది కొట్టేసి, పైన బయటికి అని రాశాడు.

"సరేనా?"

"సరే."

"అయితే మళ్ళీ మొదట్నుంచి చదువు," అంది బెర్నిస్.

ఎవరూ కూర్చోలేదు. ఎమెట్ చదివాడు.